ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలో కిలోమీటర్ల మీటరు చెప్పదు

హైదరాబాద్‌లో బాలానగర్ దగ్గర ఒక గ్యారేజీలో మెకానిక్ నా పెట్రోల్ కారు బానెట్ ఎత్తి, గేజ్ కడ్డీ బయటికి లాగాడు. దాని కొసన ఉన్న ఆయిల్ చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది నా ముందు పెట్టాడు. "చూడుర్రి సార్, తారు లెక్క అయింది. ఇంక నడిపితే ఇంజిన్ బోర్‌కొస్తది" అన్నాడు. ఆ ఆయిల్ పోయించాక బండి తిరిగింది 6,100 కిలోమీటర్లు. అదే రోజు సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే, "పదివేలకు తీసుకురండి సార్, అప్పటిదాకా ఏం కాదు" అన్నారు. ఒకరు రంగు చూసి చెప్పారు, ఇంకొకరు మీటరు చూసి చెప్పారు. బండి ఏ దారిలో, ఎంతసేపు, ఎలా నడుస్తోందని ఇద్దరూ అడగలేదు.

ఆయిల్ మార్పించాను. పాత ఆయిల్ దిగుతుండగా మధ్య ధారలోంచి వంద మిల్లీలీటర్లు శుభ్రమైన సీసాలో పట్టి, పరీక్షకు పంపాను. పది రోజులకు రిపోర్టు వచ్చింది. మెకానిక్ చెప్పిన సలహా సరైనదే, చెప్పిన కారణం తప్పు. సర్వీస్ సెంటర్ మాట విని ఉంటే మాత్రం నేను నష్టపోయేవాణ్ని.

ముందు రంగు సంగతి. మోటారు ఆయిల్‌లో మురికిని కడిగే రసాయనాలు, కడిగిన మసిని ముద్ద కట్టకుండా ఆయిల్‌లోనే తేలేలా పట్టి ఉంచే రసాయనాలు కలుపుతారు. బట్టలు ఉతికిన నీళ్లు నల్లగా మారితే సబ్బు పనిచేసిందని అర్థం, పాడైందని కాదు. డీజిల్ బండిలోనైతే కొత్త ఆయిల్ పోసి పట్టుమని వంద కిలోమీటర్లు తిరగకముందే నల్లబడుతుంది. నల్లగా ఉన్నా ఇంకా బలమున్న ఆయిల్ ఉంటుంది. చూడటానికి తేనెలా మెరుస్తూ, లోపల పెట్రోల్ కలిసి పల్చబడిపోయిన ఆయిల్ కూడా ఉంటుంది. వేళ్ల మధ్య రుద్దితే ఈ తేడా తెలియదు.

ఇక కిలోమీటర్లు. నిజాంపేట నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు నాకు 16 కిలోమీటర్లు. ఉదయం యాభై నిమిషాలు, సాయంత్రం గంటా పది నిమిషాలు పడుతుంది. సగటున గంటకు 16 కిలోమీటర్లు. ఈ లెక్కన పదివేల కిలోమీటర్లు పూర్తయ్యేసరికి నా ఇంజిన్ 625 గంటలు తిరిగి ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకు 80తో వెళ్లే బండికి అవే పదివేల కిలోమీటర్లు 125 గంటల్లో అయిపోతాయి. రెండు బండ్లకూ మీటరు చూపేది ఒకే అంకె. నా ఆయిల్ మాత్రం అయిదింతల కాలం ఇంజిన్‌లో మరిగింది. అందులో ఎక్కువ భాగం ఏసీ వేసుకుని, ఫస్ట్ గేరుకూ న్యూట్రల్‌కూ మధ్య ఊగుతూ, సిగ్నళ్ల దగ్గర నిలబడి గడిపిన కాలం.

ఊళ్లో ట్రాక్టరున్న రైతుకు ఈ సంగతి కొత్త కాదు. ట్రాక్టరు డాష్‌బోర్డు మీద గంటల మీటరు ఉంటుంది. 250 గంటలయ్యాయా, ఆయిల్ మార్చాలి అంటాడు. జేసీబీకీ, బోరు బండికీ, అపార్టుమెంట్ సెల్లార్‌లోని జనరేటర్‌కూ గంటల లెక్కే. ట్రాక్టరు మోసే బరువు వేరు, కారు పని వేరు కాబట్టి ఆ 250ని తెచ్చి కారుకు అంటగట్టకూడదు. లెక్కపెట్టే పద్ధతి మాత్రం అదే సరైనది. ఇవాళ్టి కార్లలో ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఉంది. ఇంజిన్ ఎంతసేపు తిరిగింది, ఎంత వేడెక్కింది, ఎన్నిసార్లు చల్లగా స్టార్ట్ అయింది అన్నవి దానికి తెలుస్తాయి. అన్ని కంపెనీలూ ఆ లెక్కను డాష్‌బోర్డు మీద యజమానికి చూపించాలి. నా దృష్టిలో ఇది విలాసం కాదు, కొన్నవాడి హక్కు.

కంపెనీలకు ఈ తేడా తెలియదా అంటే, బాగా తెలుసు. బండితో ఇచ్చే పుస్తకంలో మామూలు వాడకానికి ఒక పట్టిక, కఠినమైన వాడకానికి ఇంకో పట్టిక ఉంటాయి. చిన్న చిన్న ట్రిప్పులు, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్, ఎక్కువసేపు ఇంజిన్ ఊరికే తిరగడం, దుమ్ము... ఇవన్నీ రెండో పట్టిక కింద వస్తాయి. అక్కడ గడువు చాలావరకు సగానికి తగ్గుతుంది. కూకట్‌పల్లి, అమీర్‌పేట, మెహిదీపట్నం దారుల్లో రోజూ తిరిగే బండి మొదటి పట్టికలోకి ఎలా వస్తుంది? కౌంటర్ దగ్గర మనకు చెప్పేది మాత్రం మొదటి పట్టికే.

నా రిపోర్టులో ఏముందో ఇప్పుడు చెబుతాను. నేను వాడేది 0డబ్ల్యూ-20 గ్రేడు. ఆ గ్రేడు ఆయిల్‌కు 100 డిగ్రీల వేడి దగ్గర చిక్కదనం 6.9 సెంటీస్టోక్స్‌కు తగ్గకూడదు. నాది 6.7 వచ్చింది. మంట తగిలితే ఆయిల్ ఆవిరి భగ్గుమనే ఉష్ణోగ్రత, అంటే ఫ్లాష్ పాయింట్, కూడా తగ్గింది. రెండూ కలిపి చూస్తే పెట్రోల్ దిగి కలిసిందని అర్థం. ఇంజిన్ సరిగ్గా వేడెక్కకముందే ఆగిపోతే, కాలని పెట్రోల్ కొంత సిలిండర్ గోడల వెంట ఆయిల్ చాంబర్‌లోకి జారుతుంది. నీరు కూడా అంతే. ఒక లీటరు పెట్రోల్ కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. చాలాభాగం సైలెన్సర్ గుండా పోయినా, పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత కిందికి చేరుతుంది. దూరం వెళ్లే బండిలో ఆయిల్ వేడికి ఆ నీరూ పెట్రోలూ మళ్లీ ఆవిరైపోతాయి. పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చే మూడు కిలోమీటర్ల ట్రిప్పులో ఆయిల్‌కు ఆ వేడి రాదు. టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చింది కదా అనుకుంటాం. ఆ ముల్లు చూపేది కూలెంట్ వేడి. ఆయిల్ వేడెక్కడానికి ఇంకా చాలాసేపు పడుతుంది.

టీబీఎన్ అని ఇంకో అంకె ఉంటుంది. ఇంధనం కాలినప్పుడు పుట్టే ఆమ్లాలను విరిచేసే క్షారం ఆయిల్‌లో ఇంకా ఎంత మిగిలిందో అది చెబుతుంది. కొత్త ఆయిల్‌లో 8 దగ్గర ఉన్నది నాకు 3.1కి వచ్చింది. సగం దాటి తగ్గిందంటే మార్చే వేళ అయినట్టే. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 ఇంధనం వచ్చాక గంధకం 50 పీపీఎం (పది లక్షల్లో 50 భాగాలు) నుంచి 10కి తగ్గింది, కాబట్టి ఆమ్లాల బాధ మునుపటంత లేదు. అయినా 380 గంటల్లో ఇంత ఖర్చయింది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోల్ మీద జరిగే వాదనల్లో కూడా ఆయిల్ వరకు తేల్చగలిగేది ఈ అంకెలే. ఇథనాల్ నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి, చిన్న ట్రిప్పుల బండి ఉన్నవాళ్లు రిపోర్టులో నీటి శాతాన్ని ప్రత్యేకంగా చూసుకోవాలి.

అయితే నన్ను కూర్చోబెట్టిన అంకె వేరే ఉంది. సిలికాన్, 31 పీపీఎం. దాని పక్కన అల్యూమినియం, ఇనుము కూడా కాస్త ఎక్కువే.

లోహాలను కనిపెట్టే పద్ధతి చాలా అందమైనది. పొయ్యి మంట మీద చిటికెడు ఉప్పు పడితే మంట పసుపు రంగుకు తిరుగుతుంది, ఉప్పులోని సోడియం వల్ల. ల్యాబ్‌లోనూ సూత్రం అదే. ఆయిల్‌ను సన్నటి తుంపరగా చేసి, వేల డిగ్రీల వేడిలోకి పంపుతారు. ఒక్కో లోహం తనదైన వెలుగునిస్తుంది. ఏ వెలుగు ఎంత ఉందో కొలిస్తే ఏ లోహం ఎంత అరిగిందో తెలుస్తుంది. ఇనుము సిలిండర్ గోడల నుంచి, క్యామ్ నుంచి వస్తుంది. అల్యూమినియం పిస్టన్లది, క్రోమియం రింగులది, రాగి, సీసం బేరింగులవి. సోడియం, పొటాషియం కనిపిస్తే కూలెంట్ లీకవుతోందేమో చూడాలి. సిలికాన్ అంటే ఎక్కువగా దుమ్మే. కొత్త ఇంజిన్‌లోనైతే గాస్కెట్లకు పూసిన సీలెంట్ నుంచి కూడా వస్తుంది, దానికి భయపడనక్కర్లేదు. సిలికాన్, అల్యూమినియం రెండూ కలిసి పెరిగితే మాత్రం బయటి మట్టి లోపలికి పోతోందని అనుమానించాలి.

ఎయిర్ ఫిల్టర్ పెట్టె విప్పి చూశాం. ఫిల్టర్ కొత్తదే. పెట్టెకున్న క్లిప్పుల్లో ఒకటి గాడిలో పడలేదు. మూత ఒక మూల గోరు మందం లేచి ఉంది. ఫిల్టర్ దాటాక శుభ్రంగా ఉండాల్సిన గొట్టంలో వేలు పెట్టి తిప్పితే సన్నటి ఎర్రమట్టి అంటింది. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు టవర్ల పునాదులు తవ్వుతున్న చోట్ల రోజూ లేచే మట్టే అది. క్లిప్పు ఎవరు సరిగ్గా పెట్టలేదో వెతకడం అనవసరం. నెలల తరబడి సాన రాయి పొడి లాంటిది నా సిలిండర్లలోకి పోతోంది. శబ్దం మారలేదు, మైలేజీ పడిపోలేదు, డాష్‌బోర్డు మీద ఏ దీపమూ వెలగలేదు. చెప్పింది ఆ వంద మిల్లీలీటర్ల ఆయిల్ ఒక్కటే.

ఈ విద్య కొత్తదేమీ కాదు. అమెరికాలో డెన్వర్ అండ్ రియో గ్రాండే రైల్వే 1946లోనే వాడిన ఆయిల్‌లో లోహాలు చూసి డీజిల్ ఇంజిన్ల లోపాలు పట్టింది. మన రైల్వే డీజిల్ షెడ్లలోనూ ఇలా వెలుగును బట్టి లోహాలు కొలిచే స్పెక్ట్రో ల్యాబ్ మామూలు ఏర్పాటే. ఒక్కో లోకోలో వందల లీటర్ల ఆయిల్ ఉంటుంది, ఇంజిన్ దారిలో ఆగిపోతే వెనక బళ్లన్నీ ఆగుతాయి. అందుకే వాళ్లు ఊహ మీద నడపరు.

మూడున్నర లీటర్ల ఆయిల్ పట్టే చిన్న కారుకు ప్రతిసారీ ఈ పరీక్ష చేయించమని నేను చెప్పను. కొరియర్‌తో కలిపి నాకు అయిన ఖర్చు ఆయిల్ మార్పిడి ఖర్చుకు దగ్గరగా వచ్చింది. మీ దారికి, మీ వాడకానికి తగిన గడువు తేల్చుకోవడానికి ఒకటి రెండుసార్లు చేయించడం మాత్రం దండగ కాదు. సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు కూడా పనికొస్తుంది. కాకపోతే ఆయిల్ కొత్తగా మార్చిన బండిలో ఏమీ కనిపించదు, అది అడిగి తెలుసుకోవాలి. ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పకూడదు, రెండో మూడో పక్కపక్కన పెడితేనే అరుగుదల పోకడ తెలుస్తుంది. అయిదారు మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించిన పెద్ద రేణువులు లోహాలు కొలిచే ఆ యంత్రానికి సరిగ్గా చిక్కవు కాబట్టి, ఉన్నట్టుండి విరిగే భాగం గురించి ముందే చెబుతుందని కూడా ఆశించొద్దు. ఇంకోటి, వారంటీలో ఉన్న బండికి రిపోర్టు ఎంత బాగున్నా కంపెనీ గడువు దాటించకండి.

డీజిల్ బండ్ల మాట విడిగా చెప్పాలి. బీఎస్-6 డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని ఆపే ఫిల్టర్ ఉంటుంది. అది నిండినప్పుడు ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్మి, వేడి పెంచి, ఆ మసిని కాల్చేస్తుంది. ఆ పని సగంలో ఉండగా బండి ఆపేస్తే, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ డీజిల్ చిమ్ముతుంది. అందులో కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. మా బావ వారానికి రెండుసార్లు కరీంనగర్ వెళ్లొస్తాడు, ఆయన బండికి ఈ బాధ లేదు. మా పై అంతస్తులో ఉండే ఆయన అలాంటి బండినే స్కూలుకూ కూరగాయలకూ వాడతారు. ఒక ఆదివారం ఇద్దరం గేజ్ తీసి చూస్తే ఆయిల్ పై గీత దాటి ఉంది. "తగ్గలేదు, పెరిగింది, మంచిదే కదండీ" అన్నారాయన. కాదు. పెరిగింది ఆయిల్ కాదు, డీజిల్. గేజ్‌లో మట్టం పెరుగుతుంటే కిలోమీటర్లు చూడకుండా వెంటనే మార్పించాలి.

అవసరం లేకుండా ముందే మార్చేస్తే పోయేదేముంది అనేవాళ్లూ ఉన్నారు. ఔటర్ మీద, హైవే మీద మాత్రమే తిరిగే బండికి అయిదువేలకే ఆయిల్ మార్పిస్తే, ఇంకా పనిచేయగల ఆయిల్ డ్రమ్ములోకి పోతుంది. వాడిన ఆయిల్‌ను 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన రీసైక్లర్లకే ఇవ్వాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆ బాధ్యతలో ఉత్పత్తిదారులకూ వాటా పెట్టారు. చిన్న గ్యారేజీ డ్రమ్ముల్లోంచి అది సెంట్రింగ్ చెక్కలకు పూయడానికి పోవడం, వానాకాలంలో కాలువలోకి జారడం మాత్రం నేను కళ్లారా చూస్తూనే ఉన్నాను.

క్లిప్పు సరిచేశాక, మళ్లీ ఆరువేలకు రెండో శాంపిల్ పంపాను. సిలికాన్ 11కి దిగింది, ఇనుము 19 నుంచి 12కి వచ్చింది. చిక్కదనం ఈసారీ అంచునే ఉంది. కాబట్టి నా బండికి ఆరువేలే గడువు అని తేలింది. రెండు రిపోర్టులూ తీసుకెళ్లి బాలానగర్ మెకానిక్‌కు చూపించాను. చాలాసేపు చూశాడు. "సిలికాన్ అంటే మట్టే గదా సార్?" అని అడిగాడు. అవునన్నా అన్నాను. పక్కన సర్వీసుకొచ్చిన బండి దగ్గరికి వెళ్లి, గేజ్ తీయకముందే దాని ఎయిర్ ఫిల్టర్ మూత చుట్టూ వేలితో తడిమి, క్లిప్పులు ఒక్కొక్కటిగా నొక్కి చూశాడు.