ఎర్ర టిక్కులు అబద్ధం, రెండేళ్ల లాగ్ నిజం

"రేపటి నుంచి కొత్త కమ్యూనికేషన్ రూల్స్" అనే మెసేజ్ మళ్లీ తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. అపార్ట్‌మెంట్ గ్రూపు, స్కూలు పేరెంట్స్ గ్రూపు, మెట్లదారిలో కొండెక్కేవాళ్ల గ్రూపు, దేన్నీ వదల్లేదు. చూడనివాళ్ల కోసం అందులో ఉన్నది క్లుప్తంగా చెబుతాను. అందరి ఫోన్ కాల్స్ రికార్డు చేసి దాచిపెడతారు. వాట్సాప్, ఫేస్‌బుక్, ట్విట్టర్ అన్నింటి మీదా నిఘా ఉంటుంది. మీ ఫోన్లు మంత్రిత్వ శాఖ సిస్టమ్‌కు కలిపేశారు. రాజకీయం, మతం గురించి రాసినా, ఫార్వర్డ్ చేసినా వారెంటు లేకుండా అరెస్టు చేస్తారు. మెసేజ్ పక్కన మూడు నీలం టిక్కులు వస్తే ప్రభుత్వం గమనించినట్టు, మూడూ ఎర్రగా మారితే కోర్టు సమన్లు వస్తున్నట్టు. చివర్లో, తెలియనివాళ్లందరికీ పంపండి అని.

ఇది ఏళ్లుగా తిరుగుతున్న పాత సరుకు. కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం ఇది తప్పుడు సమాచారమని పలుమార్లు ప్రకటించింది. దాదాపు ఇవే వాక్యాలు ఆఫ్రికా దేశాల్లో కూడా తిరిగాయి. ఏ మంత్రిత్వ శాఖో పేరు చెప్పలేదు కాబట్టి ఏ దేశంలోనైనా అతుకుతుంది.

అబద్ధమని ఒక్క ముక్కలో కొట్టేసి ఊరుకోవచ్చు. కానీ మొన్న మా బైరాగిపట్టెడ వీధిలో కాలువ పొంగి ఇళ్ల ముందు మురుగు నిలిచింది. ఫోటో తీసి గ్రూపులో పెట్టమని ఎదురింటి అక్కను అడిగాను. "వద్దబ్బా, గవర్నమెంటుకు వ్యతిరేకంగా పెడితే ఎర్ర టిక్కు పడుతుందంట. మా పిల్లోడు ఉద్యోగాలకు అప్లై చేస్తా ఉండాడు" అంది. ఇంటి ముందు మురుగు గురించి మాట్లాడడానికి కూడా జంకేలా చేసింది ఈ మెసేజ్. ఇంకో నష్టం కూడా ఉంది. లేని నిఘాకు జనం భయపడుతున్నారు, ఉన్న నిఘా గురించి మాత్రం ఎవరూ అడగడం లేదు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

"అందరి కాల్స్ రికార్డు అవుతాయి."

అవ్వవు. ఒకరి ఫోన్ వినాలంటే మామూలుగా కేంద్ర హోం కార్యదర్శి గానీ రాష్ట్ర హోం కార్యదర్శి గానీ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. 1996లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు పెట్టిన షరతులు దీనికి పునాది. ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం, దాని కింద 2024 డిసెంబరులో వచ్చిన నియమాలు ఉన్నాయి. ఒక ఉత్తర్వు 60 రోజులు చెల్లుతుంది, పొడిగించినా 180 రోజులు దాటకూడదు.

ఇది సరిపోయే రక్షణ అని నేను అనను. ఇందులో కోర్టు పాత్ర లేదు. ఉత్తర్వు ఇచ్చేది ప్రభుత్వ అధికారి, దాన్ని సమీక్షించే కమిటీలో కూర్చునేదీ ప్రభుత్వ అధికారులే. ఢిల్లీకి చెందిన, డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎస్ఎఫ్ఎల్‌సీ సంస్థ 2014లో ఒక నివేదిక ఇచ్చింది. ఆర్టీఐ కింద వచ్చిన జవాబు ప్రకారం అప్పట్లో కేంద్రం ఒక్కటే నెలకు సగటున 7,500 నుంచి 9,000 దాకా ఫోన్ నిఘా ఉత్తర్వులు ఇచ్చేది. ఏడాదికి దాదాపు లక్ష. నూరు కోట్ల పైచిలుకు జనాభాలో అది "అందరూ" కాదు. అలాగని కొట్టిపారేసే లెక్క కూడా కాదు.

మాటలు రికార్డు కాకపోయినా, ఎవరికి చేశారు, ఎప్పుడు చేశారు, ఎంతసేపు మాట్లాడారు, ఏ టవర్ పరిధిలో ఉన్నారు అన్నది ప్రతి కాల్‌కూ నమోదవుతుంది. పేపర్లో క్రైమ్ వార్తల్లో కనిపించే "కాల్ డేటా" ఇదే. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

"మూడు టిక్కులు, ఎర్ర టిక్కులు."

వాట్సాప్‌లో మూడో టిక్కు లేదు, ఎర్ర టిక్కు లేదు. ఒక బూడిదరంగు టిక్కు పడితే మెసేజ్ వెళ్లింది, రెండు పడితే అవతలి ఫోన్‌కు చేరింది, నీలమైతే చదివారు. అంతే.

"వాట్సాప్ మీద నిఘా ఉంటుంది."

2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్ మెసేజ్‌లు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌తో వెళ్తున్నాయి. పంపినవాళ్ల ఫోన్లో తాళం పడి, అందుకున్నవాళ్ల ఫోన్లోనే తెరుచుకుంటుంది. దారిలో జియో అయినా ఎయిర్‌టెల్ అయినా వీధిలోని కేబుల్ నెట్ అయినా ఆ అక్షరాలు చదవలేవు. మెసేజ్ మొదట ఎవరు పుట్టించారో చెప్పాలని 2021 ఐటీ రూల్స్‌లో కేంద్రం షరతు పెడితే వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ప్రభుత్వానికి అన్నీ అప్పటికే కనిపిస్తుంటే ఆ షరతు పెట్టాల్సిన అవసరమే ఉండేది కాదు. అయితే గ్రూపులో ఉన్న ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి బయటికి పంపొచ్చు, దాన్ని ఏ ఎన్‌క్రిప్షనూ ఆపలేదు. ఫేస్‌బుక్, ట్విట్టర్‌లో అందరికీ కనిపించేలా పెట్టిన పోస్టు పోలీసులకూ కనిపిస్తుంది. దానికి నిఘా వ్యవస్థే అక్కర్లేదు.

"మీ ఫోన్లు మంత్రిత్వ శాఖకు కలిపేశారు."

అలాంటి కనెక్షన్ లేదు. దీనికి కొంచెం దగ్గరగా వచ్చిన నిజమైన సంఘటన ఒకటుంది. 2025 నవంబరు చివర్లో టెలికాం శాఖ కొత్త ఫోన్లన్నింటిలో సంచార్ సాథీ యాప్ (పోయిన ఫోన్లు, ఫోన్ మోసాల మీద ఫిర్యాదు చేసే ప్రభుత్వ యాప్) ముందే వేసి అమ్మాలని కంపెనీలను ఆదేశించింది. దేశమంతా అభ్యంతరాలు వచ్చాయి, డిసెంబరు మొదటి వారంలోనే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకున్నారు. జనం అడిగితే ప్రభుత్వాలు వెనక్కి తగ్గుతాయనడానికి ఇంతకంటే తాజా ఉదాహరణ అక్కర్లేదు. భయపడి నోరు మూసుకోమని చెప్పే మెసేజ్ మీద నాకు కోపం అందుకే.

"రాజకీయం రాస్తే వారెంటు లేకుండా అరెస్టు."

ఆన్‌లైన్‌లో "చికాకు కలిగించే" రాతలకు జైలు వేసే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. ప్రభుత్వాన్ని విమర్శించడం నేరం కాదు. మతాల మధ్య గొడవ పెట్టే రాతలు, అల్లర్లు రేపే పుకార్లు నేరమే, వాటికి వేరే సెక్షన్లు ఉన్నాయి. పోస్టుల మీద కేసులు పెట్టిన సందర్భాలు మన రాష్ట్రంలో లేకపోలేదు, వాటిలో అన్యాయమైనవి ఉంటే కోర్టులో కొట్లాడాల్సిందే. కాలువ ఫోటో పెట్టడానికీ దీనికీ సంబంధం లేదు.

ఇక మెసేజ్‌లో అసలు లేని సంగతి. మన ఇంటికి నెట్ ఇచ్చే కంపెనీకి ఏం కనిపిస్తుంది?

మీరు ఒక సైటు పేరు కొట్టగానే ఆ పేరుకు నంబరు అడ్రసు ఏమిటో ఫోన్ ముందు అడుగుతుంది. దీన్ని డీఎన్ఎస్ అంటారు. మనం ఏమీ మార్చకపోతే ఈ ప్రశ్న సాధారణంగా తాళం లేకుండా నెట్ కంపెనీ సర్వర్‌కే వెళ్తుంది. తర్వాత సైటుతో కనెక్షన్ మొదలయ్యేటప్పుడు, బ్రౌజర్లో తాళం గుర్తు ఉన్నా సరే, సైటు పేరు చాలాసార్లు బయటికి కనిపించేలాగే వెళ్తుంది. తాళం పడేది ఆ తర్వాత లోపల జరిగే వ్యవహారానికి. అలిపిరి టోల్‌గేటు దగ్గర బండి నంబరు, ఎక్కిన టైము, దిగిన టైము తెలుస్తాయి, కొండ మీద మీరేం మొక్కుకున్నారో తెలియదు. అంటే టీటీడీ సైటు తెరిచారని కంపెనీకి తెలుస్తుంది, ఏ తేదీకి టికెట్ తీసుకున్నారో తెలియదు.

ఇది ఊహ కాదు. మన దేశంలో సైట్లను ఎలా బ్లాక్ చేస్తున్నారో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పరిశోధకులు 2019లో పరీక్షించారు. తాళం ఉన్న కనెక్షన్లలో కూడా బయటికి కనిపించే ఆ సైటు పేరును చదివి జియో బ్లాక్ చేస్తోందని తేల్చారు. బ్లాక్ చేయాలంటే ముందు చదవాలి కదా. అంతకు ముందు 2015లో, ఎయిర్‌టెల్ 3జీ వాడేవాళ్లు తాళం లేని పేజీలు తెరిచినప్పుడు వాటిలోకి బయటి కోడ్ చొప్పిస్తున్నారని బెంగళూరు ప్రోగ్రామర్ ఒకరు కనిపెట్టారు. డేటా ఎంత వాడారో కస్టమర్లకు చూపించడానికని కంపెనీ చెప్పుకుంది. ఆ కోడ్ తయారుచేసిన విదేశీ సంస్థ, బయటపెట్టిన మనిషికే లీగల్ నోటీసు పంపింది.

"సైటు పేరే కదా, తెలిస్తే ఏమైంది" అని మా తమ్ముడే అడిగాడు. ఒక ఇంటి నెట్ నుంచి పది రోజుల్లో తెరిచిన సైట్ల పేర్లు వరసగా పెట్టి చూడండి. ముందు ఒక డయాగ్నస్టిక్ సెంటర్ రిపోర్టుల పేజీ. తర్వాత రొమ్ము క్యాన్సర్ గురించి రెండు మూడు సైట్లు, అవీ రాత్రి ఒంటిగంటకు. తర్వాత వేలూరు సీఎంసీ అపాయింట్‌మెంట్. తర్వాత బంగారం మీద అప్పిచ్చే కంపెనీ. లోపల ఒక్క అక్షరం చదవకుండానే ఆ ఇంట్లో ఏం జరుగుతోందో అర్థమవుతుంది. ఆ ఇంటి ఆడమనిషి బిడ్డలకు కూడా ఇంకా చెప్పుకోని విషయం అది. విడాకుల లాయరు, పిల్లలు కలగడం కోసం ఆసుపత్రి, మందు మాన్పించే సెంటర్, వేరే ఉద్యోగం వెతుకులాట, అన్నీ ఇంతే. తప్పు చేసినవాళ్లకే దాపరికం అనే మాట నేను అసలు ఒప్పుకోను. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. తప్పు చేయనివాళ్లకు ఆ హక్కు అక్కర్లేదని వాళ్లు ఎక్కడా అనలేదు.

వ్యాపారం ఎంత దూరం వెళ్లగలదో అమెరికాలో చూశాం. కస్టమర్ల బ్రౌజింగ్ వివరాలు వాడుకోవాలంటే ముందు అనుమతి తీసుకోవాలని అక్కడ 2016లో పెట్టిన నియమాన్ని 2017 ఏప్రిల్‌లో, పూర్తిగా అమల్లోకి రాకముందే రద్దు చేశారు. 2021లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు పెద్ద నెట్ కంపెనీలను పరిశీలించింది. కొన్ని కంపెనీలు కస్టమర్లను జాతి, లైంగికత లాంటి సున్నితమైన వర్గాలుగా విడగొట్టి ప్రకటనలకు వాడుకుంటున్నాయని నివేదిక ఇచ్చింది.

మన దగ్గర పద్ధతి వేరు. ఇక్కడ దాచిపెట్టమని ప్రభుత్వమే చెబుతుంది. కాల్ డేటాతో పాటు ఇంటర్నెట్ వాడకం లాగ్‌లు, అంటే వాడకం రికార్డులు కూడా కంపెనీలు కనీసం ఏడాది ఉంచాలని లైసెన్సు షరతు ఉండేది. 2021 డిసెంబరులో టెలికాం శాఖ దాన్ని రెండేళ్లకు పెంచింది. పార్లమెంటులో చర్చ లేదు, లైసెన్సులో ఒక సవరణ, అంతే. ఈ షరతు ఏ ఒక్క అనుమానితుడి మీదో కాదు, కనెక్షన్ ఉన్న ప్రతి ఇంటి మీదా ఉంది. మెసేజ్ బెదిరించిన "అందరి మీదా రికార్డు" అనే మాటకు నిజ జీవితంలో దొరికేది ఇదే. దీని గురించి ఆ మెసేజ్‌లో ఒక్క అక్షరం లేదు.

మన రాష్ట్రంలో ఇంకో కోణం ఉంది. ఏపీ ఫైబర్‌నెట్ రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. మొదట్లో నెట్, టీవీ, ఫోన్ మూడూ కలిపి 149 రూపాయలకు పల్లెపల్లెకూ ఇవ్వడం మంచి పని, అందులో అనుమానం లేదు. కానీ నెట్ ఇచ్చేదీ ప్రభుత్వమే, లాగ్ అడగగలిగేదీ ప్రభుత్వమే అయినప్పుడు మధ్యలో కాపలా ఎవరు అన్న ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలి. 2023 డేటా రక్షణ చట్టం ఆ కాపలా కాయాలి. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతల అమలుకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. అదే చట్టంలో 17వ సెక్షన్, దేశ భద్రత, శాంతిభద్రతల్లాంటి కారణాలు చూపి ప్రభుత్వ సంస్థలకు మొత్తం మినహాయింపు ఇచ్చే అధికారాన్ని కేంద్రానికి కట్టబెట్టింది.

ఈ మెసేజ్ చూసి టెన్షన్‌తో కొందరు బ్రౌజర్లో ఇన్‌కాగ్నిటో మోడ్ వాడుతున్నారు. అది మీ ఫోన్లో హిస్టరీ మిగలకుండా చేస్తుంది, అంతకుమించి ఏమీ చేయదు. నెట్ కంపెనీకి మీ వాడకం కనిపించవచ్చని క్రోమ్ ఆ పేజీలోనే రాసి పెట్టింది. ఇంకొందరు ఉచిత వీపీఎన్ యాప్‌లు, అంటే మన నెట్ వాడకాన్నంతా వేరే కంపెనీ సర్వర్ మీదుగా పంపేవి, వేసుకుంటున్నారు. ఇది ఇంకా ప్రమాదం. వీపీఎన్ వేస్తే నెట్ కంపెనీకి కనిపించేదంతా వీపీఎన్ కంపెనీకి కనిపిస్తుంది. ఒనావో అనే ఉచిత వీపీఎన్‌ను ఫేస్‌బుక్ కొనుక్కుని, జనం ఏ యాప్‌లు వాడుతున్నారో దాని ద్వారానే గమనించింది, గొడవయ్యాక 2019లో మూసేసింది. పైగా 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం ప్రకారం వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఐదేళ్లు ఉంచాలి. డబ్బు తీసుకునే కొన్ని పేరున్న కంపెనీలు అది ఇష్టంలేక భారత్‌లోని సర్వర్లు తీసేశాయి.

చేయగలిగింది కొంత ఉంది. ఆండ్రాయిడ్ 9, ఆ పైన ఉన్న ఫోన్లలో సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఉంటుంది. అక్కడ నమ్మకమైన డీఎన్ఎస్ సంస్థ పేరు పెడితే, సైటు అడ్రసు అడిగే ప్రశ్న తాళంతో వెళ్తుంది. కనెక్షన్ మొదట్లో కనిపించే సైటు పేరును మాత్రం ఇది దాచదు. ఇంట్లో రౌటర్ బిగించినవాళ్లు పెట్టిన అడ్మిన్ పాస్‌వర్డ్‌ను ఇవాళే మార్చండి. లాడ్జిలో, పీజీ హాస్టల్లో వైఫై వాడే పిల్లలు అక్కడ నెట్ కంపెనీతో పాటు ఓనరు రౌటర్ కూడా మధ్యలో ఉంటుందని గుర్తుంచుకోవాలి.

మిగతాది అడిగి తెలుసుకోవాల్సిందే. బిల్లు కోసం కేబుల్ అబ్బాయి వచ్చినప్పుడు అతన్ని నిలదీసి లాభం లేదు, అతని చేతిలో ఏమీ ఉండదు. కనెక్షన్ ఇచ్చిన కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా పంపండి: నా గురించి ఏ లాగ్‌లు ఉంచుతున్నారు, రెండేళ్లు అయ్యాక చెరిపేస్తున్నారా, ప్రకటనలకు గానీ వేరే కంపెనీకి గానీ ఇస్తున్నారా, మీ ఆఫీసులో వాటిని ఎవరెవరు తెరవగలరు. నేను పంపే ఉత్తరాన్ని తెలుగులోనే రాసి మా వీధి గ్రూపులో పెడుతున్నాను, కావలసినవాళ్లు పేరు మార్చుకుని వాడుకోవచ్చు. కాలువ ఫోటో కూడా దాని కిందే పెడుతున్నాను.