ఊటకి కూడా టైల్స్ వేశారండీ!

ముప్పై రూపాయల పార్కింగ్ చీటీ ఇంకా జేబులోనే ఉంది. దేనికనుకున్నారు? మా ఊటగెడ్డ, అంటే ఊట నీటి వాగు, చూడ్డానికి! ఒడిశాలో మా పర్లాకిమిడి దాటి మహేంద్రగిరి వైపు పోయే దారిలో, చిన్నప్పుడు మేం చెప్పులు విప్పి మరీ దిగిన చోటు. ఇప్పుడక్కడ గేటు, గేటు పక్కన కుర్చీ, కుర్చీలో ఫోన్ చూసుకుంటూ ఓ కుర్రాడు. లోపల నీలం టైల్స్ తొట్టె, మధ్యలో సిమెంటు కొంగ. దాని నోట్లోంచి నీళ్లు రావాలట. మోటారు పాడైందట. ఊటకి మోటారేంటండీ!

దాహమేసి వంగబోయాను. "బాబూ, ఆ నీళ్లు తాగకండి, కడుపు పాడైపోద్ది. సీసా ఇరవై" అన్నాడు కొట్టతను. అతని మీద కోపం లేదు. తొట్టెలో చిప్స్ కవర్లు తేలుతున్నాయి మరి.

అప్పట్లో అక్కడ తొట్టే లేదు, ఏమీ లేదు. రెండు బండల సందున చిన్న గుంట. అడుగున తెల్లటి ఇసుక ఎసట్లో బియ్యంలా కుతకుతలాడుతుండేది. చెయ్యి పెడితే వేళ్ల మధ్య నుంచి చల్లగా తోసుకొచ్చేది నీరు. అడ్డాకు మడిచి ముంచుకునేవాళ్లం. కొండల్లో ఉండే సవర గిరిజన ఆడవాళ్లు ముందు పైన తేలే ఆకులు ఏరి పక్కన పెట్టి, ఇసుక కదలకుండా బిందె వంచేవారు. మేం గెంతితే తిట్టేవారు కూడా. మే నెలలో ఊళ్లో నుయ్యి అడుగంటినా ఇది ఆగేది కాదు. ఎందుకాగుతుంది? కొండ మీద పడ్డ వాన రాతి పగుళ్లలోకి ఇంకి, నెలల తరబడి నింపాదిగా దిగి, గట్టి రాయి అడ్డొచ్చిన చోట బయటికొస్తుంది. కాపాడితే ఆ కొండని కాపాడాలి. అక్కడేమో చెట్లు పోయాయి, ఓ పక్క క్వారీ నడుస్తోంది. దాన్నొదిలేసి కింద టైల్స్ అంటించారు మహానుభావులు. ఊట నోట్లో సిమెంటు కుక్కితే నీరు ఇంకో సందు చూసుకోదూ? ఇది చెప్పడానికి ఇంజినీరెందుకు, మా అమ్మమ్మ చాలు. తప్తపాణిలో వేడినీటి ఊటని లాడ్జి గదుల స్నానాల తొట్టెల దాకా తీసుకెళ్లారు. పోనీలే, అదో వాడకం. ఇక్కడ కొంగ స్నానానికా?

పైగా బోర్డొకటి, ప్రకృతిని కాపాడాలంటూ. ఒడియాలో ఉంది, ఇంగ్లీషులో ఉంది. తెలుగు ముక్క లేదు! గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరండీ మాది. సవర భాష కోసం ఆయన కొండలు తిరిగి, చలిజ్వరానికి క్వినైన్ మింగి, చెవుడు తెచ్చుకున్నారు. ఇప్పుడుంటే ఆ చెవుడే నయమనుకునేవారు.

1936లో ఒడిశాలో కలిపిన నాటి నుంచీ మా బతుకింతే. ఇక్కడ మేం తెలుగోళ్లం. విశాఖలో ఇల్లు అద్దెకి అడిగితే ఒడిశా వాళ్లం. "మీ తెలుగు భలే ఉందే, ఎక్కడ నేర్చుకున్నారు?" అంటుంది ఇంటావిడ. ఉగ్గుతో నేర్చుకున్నానమ్మా! నేను చదివిన బడిలో తెలుగు మాస్టారు రిటైరయ్యాక ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. మా మేనల్లుడు తెలుగు అక్షరాలు సినిమా పోస్టర్లు చూసి నేర్చుకున్నాడు. అది కూడా ఆ హీరో మీద పిచ్చితో, భాష మీద కాదు.

నీళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒడిశా, ఆంధ్ర ప్రభుత్వాలు రెండింటికీ ఈ కొండలు గుర్తొస్తాయి. వంశధార నీళ్ల వాటాల మీద 2010లో ట్రిబ్యునల్, 2017లో తీర్పు, ఆ తర్వాతా గొడవే. మా మహేంద్రతనయ నది పోయి కలిసేది అందులోనే. వాటాల కోసం అన్నేళ్లు వాదించినవాళ్లలో ఒక్కరైనా ఈ గెడ్డల మొహం చూశారా?

కింద కామెంట్లలో ఎవరో ఒకరు రాస్తారు, నాకు తెలుసు: "పాజిటివ్‌గా ఉండండి సార్, టూరిజం పెరుగుతుంది" అని. రాయండి. ముందొకసారి ఆ దారిలో క్వారీ లారీ వెనకాల బండి నడిపి రండి. దుమ్ము దులుపుకున్నాక మాట్లాడుకుందాం.