చేదుకో కోటయ్యా, మంచులో పడ్డా!

మాది రెంటచింతల. ఏడాదికోసారి, ఎండాకాలంలో, మా ఊరి పేరు పేపర్లో పడుతుంది. పక్కనే 45 అనో 46 అనో అంకె ఉంటుంది. అలాంటి ఊళ్లో పుట్టి, కాలిపోయే నాపరాళ్ల మీద గంతులేస్తూ పెరిగినవాడికి మంచులో జారుడాటలేమిటని మీరు అడగొచ్చు. నన్ను కాదు, మా బావమరిదిని అడగండి. విమానం టికెట్ల మీద ఆఫర్ కనిపిస్తే వాడికి నిద్ర పట్టదు. 2023 ఫిబ్రవరిలో, సరిగ్గా శివరాత్రి రోజులకి, రెండు కుటుంబాలకీ శ్రీనగర్ టికెట్లు కొనేశాడు.

"ఏటా కోటప్పకొండ వెళ్లేవాళ్లం. ఈ ఏడు ఎగ్గొడితే ఏమవుతుందో ఏమో" అంది మా ఆవిడ.

"అక్కడ మాత్రం కొండ లేదా? ఇంకా పెద్దది" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

టంగ్‌మార్గ్ దగ్గర కారు ఆపేశారు. అక్కణ్ణించి గుల్‌మార్గ్ 13 కిలోమీటర్లు. మంచు పడ్డ రోజుల్లో టైర్లకు గొలుసులు కట్టిన బండ్లే పైకి వెళ్తాయి. కోట్లు, గంబూట్లు అద్దెకిచ్చే కొట్లు కూడా అక్కడే. నాకు దొరికిన కోటు నాకన్నా ముందు ఎంతమందిని మోసిందో గానీ, వానలో తడిసిన గొర్రె వాసన కొడుతోంది. గంబూట్లలో ఒకటి తొమ్మిది సైజు, ఇంకోటి పది. అడిగితే కొట్టువాడు "మంచులో అన్నీ సరిపోతాయి సార్" అన్నాడు.

గుల్‌మార్గ్ సముద్రమట్టానికి దాదాపు 2,650 మీటర్ల ఎత్తు. నాలుగడుగులు వేస్తే చాలు, ఆయాసం. అందుకని మొదట స్లెడ్జి ఎక్కాం. రెండు చెక్కల మీద ఒక పలక, దానికో తాడు, అంతే. మనం కూర్చుంటే ఒక మనిషి గట్టు పైకి లాక్కెళ్తాడు. నా వంతుకి వచ్చినాయన ఫెరన్, అంటే కశ్మీరీల పొడవాటి వదులు అంగీ, తొడుక్కున్న అరవై ఏళ్ల పెద్దమనిషి. నన్ను కింది నుంచి పైదాకా ఓసారి చూసి, కశ్మీరీలో ఏదో కేకేశాడు. ఇంకో మనిషి వచ్చాడు. నా బరువు తొంభై రెండు కిలోలు. అది తూకం లేకుండానే తెలిసిపోయిందన్నమాట. సగం దూరం లాగాక వాళ్ల రొప్పు వినలేక దిగేసి, వెనక నుంచి తోశాను. డబ్బులిచ్చి మరీ బండి తోసిన టూరిస్టుని బహుశా నేనొక్కణ్ణే.

దిగేటప్పుడు ఆ పెద్దాయన ముందు కూర్చుని మడమలతో బ్రేకు వేస్తాడు. వెనక మనం. గట్టు అంచు దాటగానే నా గుండె కోటుని అక్కడే వదిలేసింది. ఆయన నడుం పట్టుకుని కళ్లు మూసుకున్నాను. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది, "చేదుకో కోటయ్యా, చేదుకో!" కింద ఆగాక ఆయన అడిగాడు, "యే కోటయ్య కౌన్ హై?"

నాకొచ్చిన హిందీలో చెప్పాను. మా కోటప్పకొండ శివుడు, ఆ కొండెక్కేవాళ్లంతా అలాగే అరుస్తారు, బావిలోంచి నీళ్లు చేదినట్టు మమ్మల్ని పైకి లాక్కో స్వామీ అని అర్థం. ఆయన చేతిలో తాడు వంక చూసుకుని నవ్వాడు. "ఖీంచ్‌నే వాలా తో మై హూఁ." నిజమే. లాగింది ఆయనే.

అంతటితో ఆపి కహ్వా, అదే కశ్మీరీ టీ, తాగి వచ్చేస్తే ఈ కథ లేదు. "బావా, స్నోబోర్డు ట్రై చెయ్, సింపుల్" అన్నాడు బావమరిది. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి ఉంచుకుని మరీ అన్నాడు. నేర్పే కుర్రాడు ముందు కాలు ఏదని అడిగాడు. తెలీదన్నాను. నా వెనక్కి వెళ్లి, చెప్పాపెట్టకుండా వీపు మీద ఒక్క తోపు తోశాడు. బేరం దగ్గర ఏదైనా మాట జారానేమో అనుకున్నాను. అసలు సంగతేమిటంటే, అలా తోసినప్పుడు తూలకుండా ఏ కాలు ముందుకు వేస్తామో బోర్డు మీద అదే ముందు కాలట. నాకు ఏ కాలూ ముందుకు పడలేదు. నేనే పడ్డాను. ఆ తర్వాత రెండు కాళ్లూ ఒకే పలకకు బిగించారు. బందం వేసిన గేదె ఎంత దూరం పోగలదో అంతే దూరం పోయాను. మంచు దూదిలా ఉంటుందని చెప్పేవాళ్లు దాని మీద కూలబడి ఉండరు. రోజంతా జనం జారి జారి గట్టిపడ్డ మంచు సిమెంటు రోడ్డుకేం తీసిపోదు.

ఇక స్కీ, అంటే కాలికో పొడవాటి పలక. ముందు ఆ బూటు గురించి చెప్పాలి. గట్టి ప్లాస్టిక్కు, ముందువైపు నాలుగు బకిల్సు. అది తొడిగాక మీ చీలమండ మీది కాదు. మడమ ముందు ఆనించి ధన్ ధన్ మని నడవాలి. మా ఊరి నాటకాల్లో రావణాసురుడు అచ్చం అలాగే వచ్చేవాడు. తర్వాత బూటు ముందు కొస స్కీ మీది పట్టులో దూర్చి, మడమతో గట్టిగా తొక్కితే టక్‌మని పడుతుంది. పడాలి. బూటు అడుగున గోరంత మంచు అంటుకున్నా పడదు. గీకి, తొక్కి, మళ్లీ గీకి, ఎడమ కాలు బిగించాను. కుడి కాలు ఎత్తగానే ఎడమ పలక నన్నొదిలి బయల్దేరింది. ఒంటికాలి మీద కొంగజపం చేస్తూ, ఆ కాలి మీదే కదిలిపోవడం ఎలా ఉంటుందో చెబితే అర్థం కాదు. వీడియో ఉంది, మా బావమరిదిని అడగండి.

"ఘుట్‌నే మోడో, ఆగే ఝుకో" అంటాడు గురువు. మోకాళ్లు వంచి ముందుకు వాలాలట. పల్లం దిగేటప్పుడు వెనక్కి వాలాలని మా తాత నేర్పాడు. యాభై ఏళ్లుగా పనికొచ్చిన విద్య అది. ఇక్కడ వెనక్కి వాలితే స్కీల ముందు భాగం తేలిపోయి మన మాట వినదు. ఆగాలంటే "పీజా" అని అరుస్తాడు. వేళ్ల వైపు కొసలు దగ్గరికి, మడమలు దూరంగా, ముక్కోణంలా పెట్టమని. మా బావమరిది కొడుక్కి ఏడేళ్లు. పది నిమిషాల్లో నేర్చేసుకుని "మావయ్యా, పీజా! పీజా!" అని నాకు చెప్పడం మొదలెట్టాడు. వాడు పెరిగిందే పీజా మీద. గోంగూర మీద పెరిగిన కాళ్లకి ఆ ఆకారం ఎక్కడొస్తుంది?

రెండు కొసలూ దగ్గరికి రాలేదు సరికదా, ఒకదాని మీదికొకటి ఎక్కాయి. విడదీశాను. అవి తిన్నగా అయ్యాయి, వేగం అందుకున్నాయి. ఎదురుగా ఒక కొత్త జంట మంచుబొమ్మ చేసి, దానికి నల్ల కళ్లద్దాలు పెట్టి, సెల్ఫీ తీసుకోబోతున్నారు. "జరగండి" అని తెలుగులో అరిచాను. వాళ్లు జరిగారు. బొమ్మ జరగలేదు. ఇద్దరం కావలించుకుని రెండు పల్టీలు కొట్టాక చూసుకుంటే కళ్లద్దాలు నా ముక్కు మీద ఉన్నాయి. ఆ అమ్మాయి ఏడుపు మొహం చూడలేక అరగంట కూర్చుని కొత్త బొమ్మ చేసిచ్చాను. పాతదానికన్నా బాగుందన్నారు.

ఇదంతా జరుగుతున్నప్పుడు మా ఆవిడ గుల్‌మార్గ్ మధ్యలో గుట్ట మీదున్న శివాలయంలో ఉంది. ఎర్ర కప్పుతో ఊళ్లో ఎటు నుంచి చూసినా కనిపించే గుడి. 2024 జూన్‌లో అగ్నిప్రమాదంలో కాలిపోయిందని పేపర్లో చదివినప్పుడు మనసు చివుక్కుమంది. ఆ రోజు మాత్రం ఆ మెట్ల మీద నిలబడి అంతా చూసిందట. "నల్లటిది ఏదో దొర్లుకుంటూ పోయింది, మీరే అనుకున్నా" అంది. కోటప్పకొండ మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తకుండా చూసే చూపొకటి ఉంటుంది చూడండి, అది చూసింది.

బొమ్మ సంగతి తేలాక నేను లేవాలి కదా. కాళ్లకు రెండు పొడవాటి పలకలుండగా లేవడం వేరే విద్య. రెంటినీ వాలుకి అడ్డంగా తిప్పుకోవాలి, లేకపోతే లేస్తూనే మళ్లీ ప్రయాణం. మూడుసార్లు ప్రయాణమయ్యాను. నాలుగోసారి ఎదురుగా ఒక తాడు కొస వచ్చి పడింది. పొద్దుటి పెద్దాయన. "కోటయ్య ఆ గయా" అన్నాడు. పక్కన మరో ముగ్గురు స్లెడ్జివాళ్లు. నలుగురూ కలిసి లాగుతుంటే ఆయన వాళ్లకి మంత్రం కూడా అందించాడు. "చేద్‌కో! చేద్‌కో!" కొమ్ము పోయింది గానీ పని జరిగింది.

సాయంత్రం కుంటుకుంటూ బండి దగ్గరికి నడుస్తున్నాం. వెనక గట్టు మీద ఎవరో భారీ మనిషి ధబ్బున పడ్డ చప్పుడు. ఎక్కడివాడో, ఏ భాషవాడో తెలీదు. ఆ వెంటనే నలుగురి గొంతులు ఒక్కసారిగా, "చేద్‌కో కోటయ్యా!"

మా ఆవిడ అలవాటు కొద్దీ అటు తిరిగి దణ్ణం పెట్టింది.