గడ్డి పక్క మీద గుడ్డు

కోపెన్‌హాగెన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న బావమరిది, ఊరి నుంచి వచ్చిన బావగారికి అక్కడి పేరున్న హోటల్లో, ఇరవై చిన్న వంటకాలు వరుసగా వడ్డించే గొప్ప భోజనం పెట్టించాలనుకుంటాడు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

"మెనూ కార్డేదోయ్?"

"ఉండదు బావగారూ. వాళ్ళు పెట్టిందే తినాలి."

"పెళ్ళిపంక్తి అన్నమాట."

పంక్తిలో అయితే వద్దనుకున్నప్పుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టొచ్చు. ఇక్కడ ఆ వీల్లేదు. సీటు బుక్ చేసిన రోజే కార్డులోంచి డబ్బు వెళ్ళిపోయింది. పేరున్న చోట తలకి 3,500 క్రోనర్లనుకుంటే మన లెక్కలో 40,000 దాటుతుంది. రాలేకపోతే సాధారణంగా తిరిగివ్వరు. మహా అయితే మన బదులు ఇంకొకరిని పంపుకోవచ్చు. ఈ అంకె బావగారికి ముందే చెప్పకూడదు. చెబితే ప్రతి ముద్దకీ భాగహారం వేస్తారు.

బుకింగ్ ఫారంలో 'ఏమేం తినరు?' అని ఒక గడి ఉంటుంది. బావమరిది అందులో 'మాంసం తినరు' అని రాసి నిశ్చింతగా ఉంటాడు. అక్కడ మాంసం వేరు, చేప వేరు. అదే ఊళ్ళోని జెరేనియం అనే హోటల్ 2022 నుంచి మాంసం మానేసింది, కానీ చేపలు మానలేదు. కాబట్టి చేప, రొయ్య, నత్త, గుల్ల, ఎముకల రసం, చేపతో పులియబెట్టిన 'గారమ్' అనే రసం, జెలటిన్ అని విడివిడిగా రాయాలి. గుడ్డు తింటారో లేదో కూడా చెప్పాలి. అదీ బుక్ చేసేటప్పుడే. కుర్చీలో కూర్చున్నాక చెబితే వంటవాడు నవ్వుతూనే సరేనంటాడు, ఆ తర్వాత నాలుగు కోర్సుల్లోనూ ఉడికించిన ముల్లంగే వస్తుంది. దుంపను పులియబెట్టడానికి వారాలు పడుతుంది మరి, అప్పటికప్పుడు ఎక్కణ్ణించి తెస్తాడు?

ఈ వంట వెనక ఒక పట్టుదల ఉంది. 2003లో ఆ ఊళ్ళోనే నోమా అనే హోటల్ తెరిచారు. మరుసటేడు ఆ చుట్టుపక్కల దేశాల వంటవాళ్ళు 12 మంది కూడి పది సూత్రాల మీద సంతకాలు పెట్టారు. తమ నేలలో, తమ నీళ్ళలో, ఆ రుతువులో దొరికేదానికే పెద్దపీట వేయాలన్నది వాటి సారం. బాగానే ఉంది కానీ అక్కడ నిమ్మ పండదు, చింత అసలే లేదు. పులుపు కావాలంటే రేవలచిన్ని (రూబార్బ్) కాడ, సీ బక్‌థార్న్ పళ్ళు, వెనిగర్, చివరికి చీమ. చీమల్లో ఉండే ఫార్మిక్ ఆమ్లం పుల్లగా తగులుతుంది, కొన్ని చీమలకి నిమ్మగడ్డి వాసన కూడా ఉంటుంది. 2012లో నోమా వాళ్ళు లండన్ వెళ్ళి క్యాబేజీ మీద బతికున్న చీమల్ని వేసి వడ్డించారు. మనం మరీ ముక్కు మూసుకోనక్కర్లేదు. పక్కనే ఒడిశాలో మయూర్‌భంజ్ ఎర్రచీమల పచ్చడికి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. బావగారికి మాత్రం ఈ సంగతి చీమ గొంతు దిగాకే చెప్పడం మేలు.

ఇక వడ్డన. ప్రతి పళ్ళేన్నీ చాలాచోట్ల వంటవాడే తెచ్చి, వంగి, అర నిమిషం మాట్లాడతాడు. మొదటి మూడు వాక్యాలూ ఆ చేపని ఏ తీరంలో పట్టారు, ఆ ఆకుని ఏ అడవిలో కోశారు అనే స్థలపురాణం. ఎలా తినాలో చెప్పేది చివరి వాక్యం. బావగారు మొదటిదాన్ని శ్రద్ధగా విని, రెండోదానికి తలూపి, మూడోదానికి బావమరిది వైపు తిరిగి "ఏమంటున్నాడు?" అంటారు. ఆలోపు చివరి వాక్యం గాల్లో కలిసిపోతుంది. ఆ రాత్రి జరిగే నష్టాలన్నీ దీన్నుంచి పుట్టేవే.

ఉదాహరణకి, గడ్డి మీద పొగబెట్టిన కౌజు పిట్ట గుడ్లు రెండు వస్తాయి. "మొత్తం ఒకేసారి నోట్లో వేసుకోండి" అన్నది వినబడని వాక్యం. పైకి గట్టిగా కనిపించినా లోపల సొన జారుగా ఉంటుంది. బావగారు మర్యాదగా సగం కొరుకుతారు. మిగతా సగంలోని సొన కొత్త చొక్కా మూడో గుండీ మీదుగా దిగుతుంది. గడ్డి తినాలా అన్న సందేహమూ వస్తుంది. అక్కర్లేదు, అది కింద పరిచిన పక్క మాత్రమే. కానీ ఇంకో పళ్ళెంలో వచ్చే రెయిన్‌డీర్ నాచుని, అంటే ఆ జింకలు మేసే నాచుని, తినాలి, దాన్ని నూనెలో కరకరలాడేలా వేయించి పుట్టగొడుగుల పొడి చల్లారు. మూడో పళ్ళెంలో గుల్ల కింద పరిచిన నాచు మళ్ళీ పక్కే. నోమాలో ఒకప్పుడు బల్ల మీది పూలకుండీలో పువ్వులతోపాటు మాల్టు రొట్టెని పుల్లల్లా చేసి గుచ్చేవారు. మొదటి వంటకం అదే. తెలియనివాళ్ళు దాన్ని ముందు పెట్టుకుని, ఇంకా ఏమీ తేలేదేమా అని చూసేవారు.

మొదటి అయిదారు చిరుతిళ్ళనీ చేత్తోనే తినాలి. ఇదొక అన్యాయం. "అక్కడ చేత్తో తినకండి బావగారూ" అని దారి పొడుగునా చెప్పి తీసుకొచ్చిన బావమరిది ముందే, వంటవాడు బావగారి చేతిలోని ఫోర్కు తీసుకుని పక్కన పెడతాడు.

అసలు దెబ్బ హార్స్‌రాడిష్ అనే ఘాటైన వేరు దగ్గర తగులుతుంది. చేప మీద గడ్డకట్టించి, తెల్లగా మంచు పొడిలా చల్లి తెస్తారు. కారం ఎక్కడా తగలక నీరసపడ్డ బావగారు దాన్ని పెరుగు గడ్డ కట్టించారనుకుని చెంచా నిండా ఎత్తుకుంటారు. రెండు క్షణాలు ఏమీ ఉండదు, చల్లగా ఉన్నంతసేపూ ఘాటు బయటపడదు. నోట్లో వేడెక్కగానే ఆవిరై ముక్కులోంచి నడినెత్తికెక్కుతుంది. కళ్ళంట నీళ్ళు. విచిత్రమేమంటే ఇది మనకి కొత్త ఘాటు కాదు. ఆవపిండి నూరినప్పుడు ముక్కుకి తగిలే అల్లైల్ ఐసోథయోసయనేటే ఇందులోనూ ఉంది. మిరప మంట నాలుకని పట్టుకుని వదలదు, ఇది ముక్కుకెక్కి అర నిమిషంలో దిగిపోతుంది. నీళ్ళు తాగినా ఉపయోగం లేదు. కాసేపు ఓర్చుకోవాలి, అంతే. బావగారు నీళ్ళే తాగుతారు.

ఆ తర్వాత రొట్టె. పులిసిన పిండితో కాల్చి, వేడిగా, గిలక్కొట్టిన వెన్నతో తెస్తారు. అప్పటిదాకా నాచు, చీమ, పొగ చూసిన మనిషికి గుర్తుపట్టగల తిండి అదొక్కటే. ఎంత అడిగితే అంత పెడతారు కూడా. బావగారు నాలుగు ముక్కలు లాగించి, బెల్టు ఒక రంధ్రం వదులు చేసి, "ఫరవాలేదోయ్, కడుపు నిండింది" అంటారు. అప్పటికి ఇరవైలో తొమ్మిదో పదో అయ్యాయి. కాడ్ చేప, పుట్టగొడుగులు, రెండు తీపి వంటకాలు, ఆపైన కాఫీతో వచ్చే చిన్న మిఠాయిలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఒక్కోటీ రెండు ముద్దలే అయినా అన్నిట్లో వెన్నో మీగడో ఉంటుంది. తెలిసినవాళ్ళు అర ముక్క తిని, మిగతా అరతో తర్వాతి పళ్ళేల్లో సాస్ తుడుచుకుంటారు.

మధ్యలో ఊరి నుంచి ఫోనొస్తుంది. బావగారు లేచి బయటికెళతారు. ఒక బల్ల మీది వాళ్ళందరికీ ఒకేసారి వడ్డించడం అక్కడి పద్ధతి కాబట్టి, లోపల పళ్ళెం సర్దుతున్న వంటవాడు ఆగిపోతాడు. బావమరిది చేప కూడా చల్లారుతుంది, లేదా మళ్ళీ కొత్తగా వండుతారు. లేవాలంటే ఖాళీ పళ్ళేలు తీసిన వెంటనే, సర్వర్‌కి చెప్పి లేవాలి. మొత్తం భోజనానికి మూడున్నర గంటలు పడుతుంది. ఇంటికి ఆ లెక్క ముందే చెప్పుకోవాలి.

చివర్లో బిల్లు వస్తుంది. డబ్బు ముందే కట్టాం కదా అంటే, అది తిండికి. డెన్మార్క్‌లో సర్వీసు ధరలోనే కలిసి ఉంటుంది, టిప్పు తప్పనిసరి కాదు. వంటకాలకి జతగా పోసే పళ్ళరసాలకి విడిగా. నీళ్ళు కూడా విడిగానే.

"నీళ్ళకా?"

"అవును బావగారూ. ఒకసారి కట్టాక ఎన్నిసార్లడిగినా పోస్తారు."

బావగారు తీసిన కోటు మళ్ళీ కుర్చీకి తగిలించి, ఇంకో సీసా తెమ్మన్నారు.