రెండో డిస్కు ఉండి ఏం లాభం?

ఒకే డేటాను రెండు డిస్కుల్లో రాసే రెయిడ్ 1 పెట్టుకునేది ఎందుకు? ఒకటి పోయినా పని ఆగకూడదనే కదా! తీరా మొదటి డిస్కు చచ్చిపోయిన రోజున కంప్యూటర్ ఆన్ చేస్తే, బూట్ చేయడానికి డిస్కే లేదంటూ నల్లటి తెర మీద ఒక్క వాక్యం. డేటా అంతా రెండో డిస్కులో క్షేమం. ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే బూట్‌లోడర్ మాత్రం మొదటిదానితోనే పోయింది. పెట్టె భద్రంగానే ఉంది, తాళం చెవే గల్లంతు!

కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే ఫర్మ్‌వేర్‌కు, ఆపరేటింగ్ సిస్టమ్ నడిపే సాఫ్ట్‌వేర్ రెయిడ్ సంగతి తెలియదు. ఇప్పటి కంప్యూటర్లలోని ఫర్మ్‌వేర్ అయిన యూఈఎఫ్‌ఐకి కావలసింది మామూలు ఫ్యాట్ పార్టిషన్, అంటే ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌తో ఉన్న డిస్కు భాగం. అది రెండు డిస్కుల్లోనూ ఉండాలి, గ్రబ్ అనే బూట్‌లోడర్ రెండింటిలోనూ ఎక్కాలి. చాలా లినక్స్ ఇన్‌స్టాలర్లు ఒక్కదానిలో పెట్టి చేతులు దులుపుకుంటాయి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే లినక్స్ ఫైల్ సిస్టమ్ తానే రెండు డిస్కుల్లో రాసే మిర్రర్‌తో మరో చిక్కు: ఒక డిస్కు లేకపోతే, 'డిగ్రేడెడ్' అనే ఆప్షన్ ఇచ్చేదాకా మౌంట్ కానని, అంటే తెరుచుకోనని మొరాయిస్తుంది. అది జాగ్రత్త కోసమేనని ఒప్పుకుంటాను. కానీ ఎక్కడో దూరాన, కీబోర్డు కూడా లేని సర్వర్‌లో ఆ ఆప్షన్‌ను ఎవరు టైప్ చేయాలి?

డిస్కు చెడిపోయే రోజు కోసమే కదా ఈ ఏర్పాటంతా! ఇన్‌స్టాలర్ రాసేవారు కనీసం చివరి తెర మీద ఒక్క మాట చెప్పండి: 'ఇప్పుడే ఒక డిస్కు తీసేసి బూట్ అవుతుందేమో చూసుకోండి' అని.