పట్టపగలు లైట్లు వెలిగితే తప్పు ఎల్‌ఈడీది కాదు

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ అడపాదడపా తిరిగొస్తూనే ఉంటుంది. ఎవరు రాశారో తెలియదు, ఊరి పేరు మాత్రం గ్రూపును బట్టి మారుతుంటుంది. సారాంశం ఇది: ఎల్‌ఈడీ వీధి లైట్లు, వాటిని వేళకి వెలిగించి ఆర్పడానికి తగిలించిన ‘స్మార్ట్’ పెట్టెలు పెద్ద మోసం. కరెంటు ఆదా కాలేదు, బిల్లు తగ్గలేదు. స్మార్ట్ అంటూనే మధ్యాహ్నం పన్నెండింటికి కూడా వెలుగుతున్నాయి. పాత సోడియం లైట్లు పదేళ్లు వచ్చేవి, ఇవి ఆరు నెలలకే పోతున్నాయి. అర్ధరాత్రి వెలుతురు తగ్గిస్తే దొంగలకు పండగే. ఆ తెల్ల వెలుగుకి కళ్లు పోతాయి, క్యాన్సర్ వస్తుంది. పెట్టెలో సిమ్ ఉంది కాబట్టి మన మీద నిఘా. చివర్లో మామూలే, ‘పది మందికి పంపండి’.

ఇందులో కొన్ని పచ్చి అబద్ధాలు. కొన్ని మాత్రం జనం కళ్లారా చూస్తున్నవే. అందుకే మెసేజ్ ఇన్నాళ్లుగా బతుకుతోంది. చూసింది నిజమే, నింద మాత్రం తప్పు చిరునామాకి వెళ్లింది.

‘కరెంటు ఆదా కాలేదు’ అన్న మాటతో మొదలుపెడదాం. 250 వాట్ల సోడియం లైటు లాగేది 250 వాట్లే కాదు. దాని చోక్ వేడెక్కడానికే మరో పాతిక ముప్పై వాట్లు పోతాయి. మొత్తం 280 అనుకోండి. దాని స్థానంలో పెట్టే ఎల్‌ఈడీ 110 నుంచి 120 వాట్లు. రాత్రికి పదకొండు గంటల లెక్కన ఏడాదికి సుమారు 4 వేల గంటలు. పాతదానికి 1,120 యూనిట్లు, కొత్తదానికి 480. యూనిట్ 7 రూపాయలు వేసుకున్నా ఒక్క స్తంభం మీద ఏడాదికి 4,480 రూపాయల తేడా. పల్లెల్లో ఉండే 40 వాట్ల ట్యూబ్‌లైటు రాగి చోక్‌తో కలిపి 50 వాట్లు దాటుతుంది, దాని బదులు 18 వాట్ల ఎల్‌ఈడీ పెడుతున్నారు. అక్కడ ఆదా స్తంభానికి ఏడాదికి దాదాపు 950 రూపాయలు.

సగం వాట్లతో అంతే వెలుతురు ఎలా వస్తుందని కొందరి అనుమానం. నిజానికి సోడియం దీపం మరీ తీసికట్టేం కాదు, వాటుకి వంద ల్యూమెన్ల (వెలుతురు కొలత) దాకా ఇస్తుంది. కాకపోతే ఆ వెలుతురు నాలుగు వైపులా పోతుంది. పైకి పోయినదాన్ని డూమ్‌లోని (దీపం మీది గిన్నెలాంటి కప్పు) రిఫ్లెక్టర్ కిందికి మళ్లించాలి, దుమ్ము పట్టిన డూమ్ అందులో చాలావరకు మింగేస్తుంది. ఎల్‌ఈడీ వెలుతురు మొదటి నుంచీ రోడ్డు మీదికే. పైగా సోడియం పసుపులో గుద్దేసి పోయిన కారు ఎరుపో నీలమో చెప్పడం కష్టం.

విశాఖపట్నంలో ఇది కాగితం మీద లెక్కగానే మిగల్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలో స్తంభాలను కూల్చేసింది. వాటిని తిరిగి నిలబెట్టే పనిలోనే సుమారు 91 వేల లైట్లను కేంద్ర సంస్థ ఈఈఎస్‌ఎల్ ద్వారా ఎల్‌ఈడీకి మార్చారు. వీధి దీపాల కరెంటు దాదాపు సగానికి దిగింది. 2015 జనవరి 5న మొదలైన జాతీయ కార్యక్రమం కింద తర్వాత దేశమంతా 1.3 కోట్లకు పైగా లైట్లు మారాయి. రాష్ట్రాలవారీగా చూస్తే అన్నిటికన్నా ఎక్కువ మారింది ఆంధ్రప్రదేశ్‌లోనే.

అయితే ప్రభుత్వం చెప్పే ఏడాదికి 900 కోట్ల యూనిట్ల ఆదా అన్న అంకెను మాత్రం కాస్త జాగ్రత్తగా చదవాలి. పాత వాట్లలోంచి కొత్త వాట్లు తీసేసి, లైట్ల సంఖ్యతోనూ గంటలతోనూ హెచ్చవేస్తే వచ్చే అంచనా అది. మీటర్లన్నీ చదివి కూడింది కాదు. లైటు పగలు వెలిగినా, మూడు నెలలుగా ఆరిపోయి ఉన్నా ఆ లెక్కకి తెలియదు.

మరి బిల్లు ఎందుకు తగ్గలేదు? మీటర్ లేనిచోట కనెక్టెడ్ లోడ్, అంటే తగిలించిన లైట్ల మొత్తం వాట్లు చూసి బిల్లు వేస్తారు. రికార్డులో పాత సోడియం లైట్ల జాబితాయే ఉండిపోతే, స్తంభం మీద ఏం వెలిగినా బిల్లు పాతదే. రెండోది, మున్సిపాలిటీ చేతి నుంచి రూపాయి పడకుండా ఈఈఎస్‌ఎల్ పెట్టుబడి పెట్టి, ఏడేళ్లలో ఆదా సొమ్ములోంచి వాయిదాలుగా తీసుకునే ఒప్పందం ఇది. అంటే ఆ ఏడేళ్లూ మిగిలినదాంట్లో ఎక్కువ భాగం వాయిదాకే పోతుంది. పాత బకాయిలు, కొత్త కాలనీల్లో పెరిగిన స్తంభాలు సరేసరి. ‘బిల్లు తగ్గలేదు’ అనే వాక్యంలో ఇన్ని సంగతులున్నాయి. వాటిలో దీపం తప్పు ఒక్కటీ లేదు.

అసలు విషయం రెండో ఆరోపణలో ఉంది. పగలు వెలుగుతున్నాయా? వెలుగుతున్నాయి. దాన్ని తేలిగ్గా కొట్టిపారేసే అధికారులంటే నాకు మెసేజ్ రాసినవాడి కంటే ఎక్కువ కోపం. లెక్క చూడండి: 120 వాట్ల ఎల్‌ఈడీ ఇరవై నాలుగు గంటలూ వెలిగితే రోజుకి 2.88 యూనిట్లు. పాత 280 వాట్ల సోడియం రాత్రి పదకొండు గంటలే వెలిగితే 3.08. కోట్లు పెట్టి లైట్లు మార్చి, స్విచ్ సంగతి మరిచిపోతే దాదాపు బయల్దేరిన చోటికే వచ్చినట్టు. లైటు ఆయుష్షు కూడా అంతే వేగంగా కరిగిపోతుంది.

పల్లెల్లో దీనికి కారణం చాలా పాతది. వీధి లైట్లకి విడిగా తీగ లేకపోతే వాటిని ఇళ్లకెళ్లే ఫేజ్‌కే తగిలించేస్తారు. అప్పుడు ఆపాలంటే స్తంభానికో స్విచ్ పెట్టాలి, లేదంటే ఊరంతా కరెంటు తీయాలి. ఎవరూ ఆపరు. తెలంగాణలో 2019లో పల్లె ప్రగతి మొదలైనప్పుడు థర్డ్ వైర్ (వీధి లైట్లకి విడిగా లాగే ఆ తీగే), మీటర్లు అని పట్టుబట్టింది అందుకే. థర్డ్ వైర్ లేని వీధిలో ఎంత ఖరీదైన స్మార్ట్ పెట్టె పెట్టినా అది ఆపడానికి అక్కడ ఏమీ ఉండదు.

తీగ ఉన్నచోట, లైన్‌మన్ పెట్టె తలుపు తీసినప్పుడు ఒకసారి తొంగి చూడండి. పైన ఎంసీబీలు (లోడ్ ఎక్కువైతే పడిపోయే స్విచ్‌లు), పక్కన మీటరు, సిమ్ ఉన్న చిన్న మోడెం, టైమర్, మధ్యలో లైన్‌ని కలిపి విడదీసే పెద్ద స్విచ్, అంటే కాంటాక్టర్. టైమర్ చెప్పగానే కాంటాక్టర్ టక్‌మని మూసుకుంటుంది, లైన్ మొత్తం వెలుగుతుంది. పగలు వెలిగే లైన్ అయితే తరచూ కనిపించేవి రెండు. ఒకటి, కాంటాక్టర్ పాయింట్లు కాలి అతుక్కుపోయి ఉంటాయి, టైమర్ ఆపమన్నా అవి విడిపోవు. రెండోది, కాంటాక్టర్ పై టెర్మినల్ నుంచి కింది టెర్మినల్‌కి ఒక తీగ ముక్క కలిపి ఉంటుంది. ‘డైరెక్ట్ చేశాం సార్’ అంటారు. కాంటాక్టర్‌ని లాగే కాయిల్ కాలిపోయిన రోజు రాత్రి వీధి చీకటైతే వార్డువాళ్లు ఊరుకోరు, కొత్త కాంటాక్టర్ స్టోర్‌లో లేదు, అందుకని ఆ పూటకి డైరెక్ట్. ఆ పూట కాస్తా ఏడాది అవుతుంది. లైన్‌మన్‌ని అనడానికేం లేదు, చీకటి కన్నా అదే నయం. కానీ ఆ తీగ ముక్కతో పెట్టె స్మార్ట్‌నెస్ అంతా చెల్లుచీటీ.

పెట్టె సరిగ్గా పనిచేస్తే ఏం చేస్తుందో చెప్పకపోతే అన్యాయం. అందులోని టైమర్ ఊరి అక్షాంశ రేఖాంశాలను బట్టి ఆరోజు సూర్యోదయం, సూర్యాస్తమయం తానే లెక్క కట్టుకుంటుంది. రేఖాంశం ఒక డిగ్రీ మారితే పొద్దు నాలుగు నిమిషాలు మారుతుంది. ఇచ్ఛాపురానికీ అనంతపురానికీ ఏడు డిగ్రీల తేడా, అంటే దాదాపు అరగంట. రెండుచోట్లా ‘సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు’ అని ఒకే టైము పెడితే ఒక ఊళ్లో చీకట్లో నడవాలి, ఇంకో ఊళ్లో ఎండలో దీపం. వెలుతురును బట్టి ఆన్ అయ్యే సెన్సార్లని కూడా ఇంతగా నమ్మలేం. పావురం రెట్ట పడితే చాలు, వాటికి పగలు కూడా రాత్రే.

‘ఆరు నెలలకే పోతున్నాయి, సోడియం పదేళ్లు వచ్చేది’. పదేళ్లు వచ్చింది స్తంభం, డూమ్. లోపలి బల్బు ఆయుష్షు కాగితం మీదే 20, 24 వేల గంటలు. బల్బు, ఇగ్నైటర్, చోక్ మారుస్తూనే ఉండేవాళ్లు. ఎల్‌ఈడీకి చెప్పే 50 వేల గంటలు రాత్రి వాడకంలో పన్నెండేళ్ల పైమాట. ఆ అంకె చిప్‌ది, వెలుతురు 70 శాతానికి తగ్గేదాకా పట్టే కాలం. లైటులో ముందు పోయేది చిప్ కాదు, కరెంటును దానికి సరిపడా మార్చి ఇచ్చే డ్రైవర్. విప్పితే లోపల ఒక కెపాసిటర్ ఉబ్బి కనిపిస్తుంది. మన లైన్లలో న్యూట్రల్ తెగితే 230 వోల్టుల చోట 400 దాకా వచ్చి పడుతుంది, ఆ ఒక్క క్షణంలో వరసగా పది లైట్లు పోతాయి. పిడుగుల సంగతి సరే. ఈ దెబ్బను ఆపే సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న లైటుకీ లేనిదానికీ ధరలో తేడా ఉంటుంది, తక్కువ ధరకే టెండర్ అన్నచోట ఏది స్తంభం ఎక్కుతుందో ఊహించుకోవచ్చు. తప్పుడు సరుకు మనకే పరిమితం కాదు. అమెరికాలో చాలా నగరాల్లో తెల్లటి ఎల్‌ఈడీ లైట్లు కొన్నాళ్లకు ఊదా రంగులోకి తిరిగాయి. చిప్ మీద ఉండే ఫాస్ఫర్ పూత ఊడిపోవడమే కారణం. తయారీదారు వారంటీ కింద మార్చి ఇచ్చాడు. మన దగ్గర అడగాల్సింది ఆ వారంటీ గురించి.

పైగా లైటు పోవడం వేరు, పోయిన లైటు నెల్లాళ్లు అలాగే ఉండటం వేరు. మెసేజ్ రెండింటినీ ఒకటి చేసేసింది. నెల్లాళ్లు ఉండిపోవడానికి కారణం కాంట్రాక్టు. స్థానిక సంస్థ వాయిదా కట్టదు, బకాయి పెరుగుతుంది, ఏజెన్సీ మనుషుల్ని తగ్గిస్తుంది, ఫోన్ ఎత్తేవాడుండడు. పెట్టె ఇక్కడ నిజంగా పనికొస్తుంది. నలభై 35 వాట్ల లైట్ల లైన్ 1,400 వాట్లు లాగాలి. ఒక రాత్రి 1,200కి పడిపోతే అయిదారు లైట్లు పోయాయని ఎవరూ ఫిర్యాదు చేయకుండానే ఆఫీసులో తెలుస్తుంది. ఏ స్తంభమో మాత్రం చెప్పలేదు.

అది కూడా కావాలంటే ప్రతి లైటుకీ ఒక కంట్రోలర్ పెట్టాలి. ఇక్కడ మాత్రం నేను మెసేజ్ పక్షాన సగం నిలబడతాను. ఊళ్లో 18 వాట్ల లైటు ఏడాదికి తినేదే 72 యూనిట్లు. కంట్రోలర్ పెట్టి 30 శాతం తగ్గించినా మిగిలేది 150 రూపాయలు. దాని మీద వేలు పోసి కంట్రోలర్ పెట్టడం దండగే. హైవే బైపాస్‌లో, లిఫ్ట్ బండి తప్ప నిచ్చెన అందని ఎత్తు స్తంభాల మీద, 190 వాట్ల లైట్ల మీద అయితే లెక్క కుదురుతుంది. అన్నిచోట్లా ఒకటే మందు అమ్మే కంపెనీ ప్రెజెంటేషన్‌ని కూడా ఈ ఫార్వర్డ్ అంత అనుమానంగానే చూడాలి.

వెలుతురు తగ్గిస్తే దొంగతనాలు పెరుగుతాయా? ఇంగ్లండ్, వేల్స్‌లోని 62 స్థానిక సంస్థల్లో 14 ఏళ్ల వివరాలు తీసి 2015లో పరిశోధకులు చూశారు. డిమ్ చేసినా, అర్ధరాత్రి ఆపేసినా, ఎల్‌ఈడీకి మార్చినా నేరాలు గానీ ప్రమాదాలు గానీ పెరిగిన దాఖలా కనిపించలేదు. అక్కడి రోడ్లు మన రోడ్లు కావు, మనకి గుంతలు, కుక్కలు, అడ్డంగా పడుకున్న గేదెలు ఉన్నాయి. పూర్తిగా ఆర్పమని నేనూ అనను. కానీ రాత్రి పన్నెండు దాటాక మూడో వంతు తగ్గిస్తే మన కంటికి ఆ తేడా అంతగా ఆనదు. దొంగకి కలిసొచ్చేది డిమ్ చేసిన లైటు కాదు, నెల్లాళ్లుగా ఆరిపోయి ఉన్న స్తంభం.

కళ్లు పోవు. నేల మీద పడే వెలుతురును లక్స్‌లో కొలుస్తారు. వీధిలో పడేది పది నుంచి ముప్పై లక్స్, మిట్ట మధ్యాహ్నం ఎండ లక్ష లక్స్. క్యాన్సర్ అన్నది ఎక్కడి నుంచి వచ్చిందంటే, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్ కారకం కావచ్చన్న జాబితాలో పెట్టింది. వీధి దీపాన్ని కాదు. అయితే నీలి ఛాయ ఎక్కువున్న తెల్ల వెలుతురు నిద్రకి అడ్డమే. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2016లో 3,000 కెల్విన్ (వెలుతురు రంగు కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు ఛాయ) లేదా అంతకన్నా తక్కువ ఉన్న వెచ్చటి రంగు వాడమని, వెలుతురు పక్కలకి చిమ్మకుండా కప్పు పెట్టమని చెప్పింది. మీ పడగ్గది కిటికీలోకి తెల్లటి లైటు సూటిగా కొడుతుంటే ఫిర్యాదు చేయండి. కోణం మార్చడం పది నిమిషాల పని.

సిమ్ సంగతి చెప్పాలంటే, అది పంపేది వోల్టేజీ, ఆంపియర్లు, యూనిట్లు, ఆన్ ఆఫ్ సమయాలు. మీ మాటలు వినడానికి అందులో మైకు లేదు. కానీ శాన్ డియాగోలో 3 వేలకు పైగా స్మార్ట్ లైట్లలో కెమెరాలు పెట్టారు, జనం నిలదీశాక 2020లో మేయర్ వాటిని ఆపమన్నారు. కాబట్టి టెండర్‌లో కెమెరా ఉందా అని అడగడం పిచ్చితనమేం కాదు.

మెసేజ్ అడగని ప్రశ్న ఇంకొకటుంది: సాఫ్ట్‌వేర్ ఎవరి చేతిలో? అమెరికాలో మసాచుసెట్స్‌లోని మినచాగ్ హైస్కూల్లో 2021 ఆగస్టులో లైట్లను నడిపే వ్యవస్థ చెడిపోయింది. దాదాపు 7 వేల లైట్లు ఏడాదికి పైగా రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉన్నాయి, ఆపే మార్గం దొరకలేదు. అందుకే పెట్టెలో చేత్తో ఆపే స్విచ్ ఉండాలి, ఒప్పందం ముగిశాక పాస్‌వర్డ్‌లు, పాత వివరాలు మున్సిపాలిటీకి అప్పగించాలన్న షరతు ఉండాలి.

మీ వార్డులో అనుమానం ఉంటే ఫార్వర్డ్ చేయడం కన్నా సులువైన దారి ఉంది. ప్రతి స్మార్ట్ పెట్టెలో మీటరుంది. పోయిన మూడు నెలల్లో ఫలానా పెట్టె ఏ టైముకి ఆన్ అయింది, ఏ టైముకి ఆఫ్ అయింది, పొద్దున ఏడు నుంచి సాయంత్రం అయిదు లోపు ఎన్ని యూనిట్లు కాలింది అని సమాచార హక్కు కింద అడగండి. పెట్టె పనిచేస్తుంటే ఆ రికార్డు ఇవ్వాల్సిందే. ‘రికార్డు లేదు’ అని జవాబొస్తే, ఆ పెట్టెని డైరెక్ట్ చేసి ఎన్నాళ్లయిందో అడుగుతూ రెండో దరఖాస్తు పెట్టండి.