సెక్రటేరియట్ ఒంటరిగా పరుగెత్తిందా?

పాత పందెపు గుర్రాలంటే ఈ అన్నాచెల్లెళ్లిద్దరికీ ప్రాణం. అమెరికా థరోబ్రెడ్ల (పందేల కోసం పెంచే జాతి గుర్రాల) చరిత్రను ఇద్దరూ ఇష్టంగా చదివారు, పాత పందాల ఫిల్ములు మళ్లీ మళ్లీ చూశారు. పేచీ ఒక్కచోటే. ఆ గుర్రాలను తలచుకోవడానికి వాటి పరుగు చాలంటాడు అన్న. వాటిని తోమి, మేపి, కాళ్లకు కట్లు కట్టిన సయీసుల పేర్లు రాకపోతే ఆ చరిత్ర సగమేనంటుంది చెల్లెలు. నేను చెల్లెలి పక్షం. అన్న మాటల్లో బలమున్న చోట ఆ బలాన్ని అలాగే ఉంచాను.

అన్న: 1973 జూన్ 9, బెల్మాంట్ స్టేక్స్ పందెం, సెక్రటేరియట్ అనే గుర్రం. మైలున్నర దూరం, 2 నిమిషాల 24 సెకన్లు. రెండో గుర్రం 31 లెంగ్త్‌లు వెనక ఉండిపోయింది, లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు. యాభై ఏళ్లు దాటాయి, ఆ టైమును ఇప్పటికీ ఏ గుర్రమూ అందుకోలేదు. అంతకు ముందు నెల కెంటకీ డెర్బీలో ఇంకా విచిత్రం. ఒకటింబావు మైలును ఐదు ముక్కలు చేసి చూస్తే, ప్రతి పావు మైలూ దాని ముందుదానికంటే వేగంగా పరుగెత్తింది. మిగతా గుర్రాలు అలసిపోయే చోట సెక్రటేరియట్ వేగం పెంచింది. ఇందులో మనిషి చేసిందేముంది? బెల్మాంట్ చివరి మలుపులో జాకీ రాన్ టర్కాట్ కొరడా కూడా ఎత్తలేదు. ఊరికే కూర్చున్నాడు.

చెల్లెలు: ఊరికే కూర్చోవడం తేలికనుకుంటున్నావా అన్నయ్యా? సరే, టర్కాట్ సంగతి వదిలెయ్. ఆ డెర్బీకి రెండు వారాల ముందు వుడ్ మెమోరియల్ పందెంలో ఇదే గుర్రం మూడోదిగా వచ్చింది. ఎందుకు?

అన్న: పై పెదవి లోపల కురుపు. కళ్లెం తగిలితే నొప్పి.

చెల్లెలు: చిన్న కురుపు ఆ వేగాన్నంతా మింగేసింది కదా! నువ్వు చెప్పే రికార్డు ఎంత సన్నటి దారం మీద నిలబడిందో చూడు. ఐదొందల కిలోల ఒళ్లు, దాన్ని మోసేవి నాలుగు పుల్లల్లాంటి కాళ్లు. తెల్లారకముందే శాలకు వెళ్లి దాణా తొట్టి చూసేవాడు ఒకడుండాలి. రాత్రి పెట్టింది మిగిలిందంటే గుర్రం ఒంట్లో ఏదో తేడా ఉన్నట్టు. తర్వాత కట్లు విప్పి, మోకాలి కింద నరం వెంబడి అరచేత్తో తడిమి చూడాలి. ఒక కాలు రెండోదానికంటే కాస్త వెచ్చగా తగిలితే, కుంటు కనిపించకపోయినా, ఆ రోజు పరుగు ఆపాలని ట్రైనర్‌కు చెప్పాలి. గిట్టలు గీకాలి. పరుగు నుంచి వచ్చాక ఒళ్లు చల్లారేదాకా నడిపించాలి, కడగాలి, మళ్లీ కట్లు కట్టాలి, శాల ఎత్తిపోయాలి. గుర్రానికి నోరు లేదు. దాని తరఫున మాట్లాడేది ఆ చెయ్యే. సెక్రటేరియట్‌కు ఆ చెయ్యి ఎడ్డీ స్వెట్‌ది. సౌత్ కరోలినాలో పుట్టిన నల్లజాతి మనిషి. 1973 నవంబరులో పందాలు ముగిశాక గుర్రాన్ని విమానంలో వెంటబెట్టుకుని కెంటకీ తీసుకెళ్లి, క్లేబోర్న్ ఫారంలో అప్పగించి వచ్చింది కూడా ఆయనే. గుర్రాన్ని 60 లక్షల డాలర్లకు పైగా ధరకు వాటాలుగా అమ్మారు. అందులో ఆయనకు వాటా లేదు.

అన్న: బాగానే చెప్పావు. మరి దీనికి జవాబు చెప్పు. ఆ ఎడ్డీ స్వెట్టే రివా రిడ్జ్ అనే గుర్రాన్నీ చూసుకున్నాడు. అదే ట్రైనర్ లూసియన్ లారిన్, అదే జాకీ, అదే యజమాని పెన్నీ చెనరీ. అదే చెయ్యి, అదే దాణా. మరి రివా రిడ్జ్ 31 లెంగ్త్‌లతో ఎందుకు గెలవలేదు? మనుషులే గుర్రాన్ని చేస్తారంటే రెండూ ఒకేలా ఉండాలిగా!

చెల్లెలు: మనుషులే చేస్తారని నేనన్నానా? మనుషులు లేకుండా కాదన్నాను. రివా రిడ్జ్ 1972లో డెర్బీ, బెల్మాంట్ రెండూ గెలిచింది. అప్పటికి పెన్నీ తండ్రి మంచాన పడ్డారు, ఫారం నష్టాల్లో ఉంది. అమ్మేయమన్నవాళ్లూ ఉన్నారు. రివా రిడ్జ్ తెచ్చిన డబ్బుతోనే ఆ ఫారం నిలబడింది.

అన్న: డబ్బు లెక్కల్లోకి వెళ్లకు. నా ప్రశ్న అలాగే ఉంది.

(ఉంది, నిజమే. ఆ ప్రశ్నకు చెల్లెలి దగ్గర సూటి జవాబు లేదు, నా దగ్గరా లేదు. పుట్టుకతో వచ్చే బలాన్ని ఏ చెయ్యీ పోయలేదు.)

చెల్లెలు: సరే, దాన్ని తిరగేసి చూద్దాం. గుర్రం ఒకటే, మనుషులు మారారు. సీబిస్కట్‌కు రెండేళ్ల వయసులోనే 35 పందాలు! ఎముకలు ముదరని వయసు. అప్పటి ట్రైనర్ జేమ్స్ ఫిట్జ్‌సిమన్స్ తక్కువవాడు కాదు, గాలంట్ ఫాక్స్, ఒమాహా అనే రెండు ట్రిపుల్ క్రౌన్ గుర్రాలను, అంటే ఒకే ఏడాది డెర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్ మూడూ గెలిచినవాటిని, తయారు చేసినవాడు. ఆయన శాలలో సీబిస్కట్ పదిమందిలో ఒకటి, బద్ధకపుదని పేరు. 1936లో చార్లెస్ హోవర్డ్ కొన్నాక టామ్ స్మిత్ చేతికి వచ్చింది. స్మిత్ మనుషులతో పెద్దగా మాట్లాడడు. గుర్రం ఊరికే కంగారు పడుతోందని గమనించి, తోడుగా పంప్‌కిన్ అనే ఇంకో గుర్రాన్ని పక్కనే ఉంచాడు, కావలసినంత నిద్రపోనిచ్చాడు. ఒక కంటి చూపు లేని రెడ్ పొలార్డ్ జాకీ. 1938 నవంబరు 1న పిమ్లికోలో వార్ అడ్మిరల్‌తో ముఖాముఖి పందెం పెట్టేనాటికి పొలార్డ్ కాలు విరిగి ఉంది. స్నేహితుడు జార్జ్ వుల్ఫ్ ఎక్కాడు. వార్ అడ్మిరల్ 1937 ట్రిపుల్ క్రౌన్ గుర్రం. సీబిస్కట్ దాన్ని నాలుగు లెంగ్త్‌ల తేడాతో ఓడించింది. ఆ వేగం మొదటి శాలలోనూ ఆ ఒంట్లోనే ఉంది కదా అన్నయ్యా. ఎవరికీ ఎందుకు కనబడలేదు?

అన్న: ఒప్పుకుంటాను, సీబిస్కట్ నీదే. కానీ సెక్రటేరియట్ నాది. 1989లో చనిపోయాక పరీక్ష చేసిన డాక్టర్ ఏమన్నాడు? గుండె 22 పౌండ్లు. మామూలు గుర్రాలకు అందులో సగం కూడా ఉండదు.

చెల్లెలు: ఆ గుండెను ఎవరూ తూచలేదు. డాక్టర్ స్వెర్‌చెక్ కంటితో చూసి వేసిన అంచనా అది. తూచింది తర్వాత చనిపోయిన షామ్ గుండెను. 1973 డెర్బీలో రెండోదిగా వచ్చిందే, అది. 18 పౌండ్లు తూగింది. దాన్ని బట్టి దీన్ని లెక్కగట్టారు.

అన్న: అంచనా వేసింది గుండెలు కోసి చూడటమే పనిగా ఉన్నవాడు. అంత తేలిగ్గా కొట్టిపారెయ్యకు.

చెల్లెలు: కొట్టిపారెయ్యలేదు. పెద్ద గుండెనే అనుకుందాం. అంతకంటే పాత గుర్రం మ్యాన్ ఓ వార్ గుండె ఎంతో ఎవరైనా చెప్పారా?

అన్న: ఇప్పుడు మ్యాన్ ఓ వార్ ఎందుకు వచ్చింది?

చెల్లెలు: అదే గొప్పది కాబట్టి. 21 పందాల్లో 20 గెలిచింది. రెండేళ్ల వయసులోనే జాకీతో కలిపి 130 పౌండ్ల బరువు మోసింది, మూడేళ్లకు 138. సెక్రటేరియట్ అంత బరువు ఎప్పుడైనా మోసిందా? ఓనియన్ అనే గుర్రం చేతిలో ఓడింది, ప్రూవ్ ఔట్ అనేదాని చేతిలోనూ ఓడింది.

అన్న: మ్యాన్ ఓ వార్ డెర్బీలో పరుగెత్తనే లేదు! 1920 లారెన్స్ రియలైజేషన్‌లో వంద లెంగ్త్‌ల గెలుపంటారు, పోటీకి ఉన్నది ఒక్కటంటే ఒక్క గుర్రం. అప్పటి నేలా వేరు, కొలతలూ వేరు.

చెల్లెలు: డెర్బీలో దించనిది యజమాని రిడిల్. మే నెలలోనే మూడేళ్ల గుర్రానికి అంత దూరం ఎక్కువని ఆయన నమ్మకం.

అన్న: అదిగో, నీ నోటితోనే వచ్చింది. మ్యాన్ ఓ వార్‌ను డెర్బీకి దూరం చేసింది మనిషి. ఓడిన ఒక్క పందెం, 1919 శాన్‌ఫర్డ్, అదీ మనుషుల వల్లే. అప్పట్లో స్టార్టింగ్ గేట్లు లేవు, తాడు ఎత్తేసరికి ఇది సిద్ధంగా లేదు. అయినా అర లెంగ్త్ తేడాతోనే ఓడింది, గెలిచిన గుర్రం అప్‌సెట్ కంటే 15 పౌండ్లు ఎక్కువ మోస్తూ. చెల్లీ, నువ్వు మనుషులను తలచుకోమంటున్నావు. అయితే ఫెర్డినాండ్‌నూ తలచుకో. 1986 డెర్బీ విజేత. 54 ఏళ్ల విల్లీ షూమేకర్ దాని మీద గెలిస్తే అమెరికా అంతా మురిసిపోయింది. ఆ తర్వాత జపాన్‌కు అమ్మారు. అక్కడ దానితో జతకట్టేందుకు వచ్చే ఆడగుర్రాలు తగ్గాక, 2002లో కబేళాకు పంపారు. దాని చుట్టూ మనుషులు లేరా? యజమానులు, దళారులు, ఫారంవాళ్లు, అందరూ ఉన్నారు. గుర్రం చేసిన ద్రోహం ఒక్కటీ లేదు ఈ చరిత్రలో. ఉన్నవన్నీ మనుషులవే. అందుకే నేను గుర్రం దగ్గరే ఆగిపోతాను.

(ఇది అన్న కొట్టిన అసలు దెబ్బ. చెల్లెలు వెంటనే మాట్లాడలేదు.)

చెల్లెలు: ఫెర్డినాండ్ సంగతి విన్నప్పుడు నాకూ నిద్ర పట్టలేదు. కానీ అన్నయ్యా, అమ్మిందెవరు, తోమిందెవరు? గుర్రం ఎక్కడికి పోవాలో సయీసును ఎవరూ అడగరు. వాళ్లనూ యజమానులనూ ఒకే ముద్దగా చేసి ‘మనుషులు’ అనేస్తే ఎలా? విల్ హార్బట్‌ను తీసుకో. మ్యాన్ ఓ వార్ పందాలు మానేశాక దాన్ని చూడటానికి ఫారవే ఫారానికి జనం ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నారు. వాళ్లకు ఆ గుర్రం కథ చెప్పింది హార్బటే. 1947 అక్టోబరులో ఆయన పోయారు. నెల తిరక్కుండానే, నవంబరు 1న, గుర్రమూ పోయింది. ఇంకా వెనక్కి వెళ్లు. 1875లో మొదటి కెంటకీ డెర్బీ. 15 మంది జాకీల్లో 13 మంది నల్లవాళ్లు. గెలిచిన అరిస్టైడీస్ మీద ఆలివర్ లూయిస్. ట్రైనర్ ఆన్సెల్ విలియమ్సన్, బానిసగా పుట్టినవాడు. ఐజాక్ మర్ఫీ డెర్బీని మూడుసార్లు గెలిచాడు. జిమ్మీ వింక్‌ఫీల్డ్ 1901, 1902 వరసగా గెలిచాడు. తర్వాత? తెల్లజాకీలు దారి మూసి, రైలింగుకు నొక్కి వాళ్లను మైదానం నుంచి తరిమేశారు. వింక్‌ఫీల్డ్ రష్యా వెళ్లి బతకాల్సొచ్చింది. గుర్రం దగ్గరే ఆగిపోతే నీకు అరిస్టైడీస్ మిగులుతుంది, విలియమ్సన్ మిగలడు. నువ్వు ఆగిపోవడం తరిమినవాళ్లకే పనికొస్తుంది.

అన్న: నేను తరిమానా?

చెల్లెలు: నిన్ననలేదు. నువ్వు పేర్లు చెప్పనంతకాలం వాళ్లు గెలుస్తూనే ఉంటారంటున్నాను.

అన్న: పేర్లు చెబుతాను. కానీ గుర్రాన్ని మనుషుల కథకు బొమ్మగా మార్చకు. సినిమావాళ్లు అదే చేస్తారు. కష్టం యజమానిది, కన్నీళ్లు జాకీవి, చివర్లో గుర్రం పరుగెత్తుతుంది. అది పరుగెత్తినందుకే కదా ఇదంతా!

చెల్లెలు: అది న్యాయమైన మాట. యజమానుల కన్నీళ్లు నాకూ అక్కర్లేదు. నేనడిగేది చిన్నది. రేసు కార్డులో గుర్రం పేరుంటుంది, దాని తల్లిదండ్రులవి ఉంటాయి, యజమానిది, ట్రైనర్‌ది, జాకీది, పెంచినవాళ్లదీ ఉంటుంది. సయీసు పేరుకు ఇంకో గీత పడితే ఏం పోతుంది?

అన్న: ఏమీ పోదు. వెయ్యమను. కానీ మ్యాన్ ఓ వార్ గొప్పదని మాత్రం నాతో అనిపించలేవు.

చెల్లెలు: 138 పౌండ్లు, అన్నయ్యా!

అన్న: 2 నిమిషాల 24 సెకన్లు!